గృహశుద్ధియు చిత్తశుద్ధియు



నేటి విషయము గృహశుద్ధి, చిత్తశుద్ధి. మొదటిది చీపురుపని యనియు, రెండవది జపధ్యానముల పని యనియు, ఈ రెంటికిని పొత్తు లేదనియు లోకులు తలతురు. క్రైస్తవధర్మము ఈ రెంటిని ఒక్క పనిగానే చూచినది. ఇంటిలో పేరుకొన్న వస్తువులకును, మనస్సులో పేరుకొన్న తలపులకును వేరు ఒక్కటే యనియు, ఆ వేరును త్రెంపక ఎంత ఊడ్చినను చెత్త మఱల చేరుననియు ఆ ధర్మము బోధించుచున్నది. ఆ వేరు ఏది, దానిని త్రెంపు నుపాయమేది యను సంగతిని మనవిచేయుటకు ఈ కొద్దిసేపును వినియోగించుకొందును.

నేను క్రైస్తవకుటుంబమున జన్మించి, గురువుల సన్నిధిని కావ్యవ్యాకరణములు చదివికొని, ముప్పది సంవత్సరములకు పైగా బడిలో తెలుగు చెప్పినవాడను. బైబిలు వాక్యమును, మన పెద్దల శాస్త్రపరిభాషను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుట నాకు అలవాటు. కావున ఇందు మతప్రచారము కంటె వయస్సు మీఱినవారు ఒకరితో నొకరు చెప్పుకొను మాటలే యెక్కువగా వినవచ్చును. ఏ మతమువారైనను తమకు పనికివచ్చినంత గ్రహింతురుగాక.

ముందుగా ఇంటి సంగతి. మన పల్లెటూరి యింటిలో అటక యొకటి యుండును. దానిపైకి నిచ్చెన వేసి చూచినచో ఏమి కనబడును? అడుగు ఊడిన గంగాళము, కోడు విఱిగిన మంచము, చెదలు పట్టిన చేట, ఎన్నడో గతించిన యెద్దు మెడలోని గంటలపట్టెడ, పలుకుట మానిన రేడియో, మూతలేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు. ఈ కాలమున వీనికి తోడు పాడైన చేతిఫోనులు, వాని తీగల చిక్కులు, గడువు దాటిన మందుబిళ్లల పట్టీలు, ప్లాస్టిక్ సంచులలో కుక్కిన ప్లాస్టిక్ సంచులు. ఇవి యేల యని కోడలు అడిగినచో, ఎప్పటికైనను పనికివచ్చునని మన యుత్తరము. ఆ యెప్పటికైనను అను దినము ఏ పంచాంగమునను లేదు.

ఈ పోగు నిరపాయమైనదని తలపరాదు. ఎలుక చేరినచోట పాము చేరును. పెరటిలో పాఱవేసిన టైరులోను, కొబ్బరిచిప్పలోను, పగిలిన కుండలోను నిలిచిన నీటియందే డెంగూ జ్వరమును మోసెడి దోమ గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు నీరింకిన పిదప నెలల తరబడి ఎండి పడియుండి, మఱల వాన పడినంతనే పొదుగబడును. రాత్రివేళ లేచిన ముసలివాడు నడవలోని సామానునకు కాలు తగిలి పడి తుంటియెముక విఱుగగొట్టుకొనుట మన ఊళ్లలో వినని వార్త కాదు. గడువు దాటిన మందును కంటిచూపు తగ్గినవారు మంచిమందనుకొని మ్రింగుటయు కలదు.

మనస్సునకును ఒక అటక కలదు. పంపకములనాడు అన్నగారు అన్న మాట, చేనిగట్టు తగవు, పెండ్లిపిలుపు మర్యాదగా రాలేదను కినుక, చేయని తప్పునకు పడిన నింద, పట్నమున కొడుకు ఎట్లున్నాడో యను బెంగ, తాను పోయిన పిదప ఇల్లాలి గతి యేమి యను దిగులు, ఇవన్నియు అందుండును. వీనిపై చేతిఫోనులో నిమిషనిమిషమునకు వచ్చిపడు వార్తలు, వార్తలు కాని వార్తలు. వస్తువును ఎందుకు దాచితివని యడుగువారు ఇంటిలో నుందురు. పగను ఎందుకు దాచితివని ఎవరును అడుగరు. అడిగినచో మనము అదే యుత్తరము చెప్పవలసియుండును, ఎప్పటికైనను పనికివచ్చునని.

ఈ రెండు పోగులకును మూలమేది? ఇందులకు నాకు తెలిసినంతలో మిక్కిలి సూక్ష్మమైన సమాధానము నాలుగవ శతాబ్దమున ఐగుప్తు ఎడారిలో తపస్సు చేసిన ఎవగ్రియసు అను క్రైస్తవసన్న్యాసి యొసగెను. ఆయన క్రీ. శ. 399 లో గతించెను. మనస్సును చెఱచు తలపులు ఎనిమిది యని ఆయన లెక్కించెను: తిండియాస, కామము, ధనలోభము, దుఃఖము, కోపము, నిర్వేదము, కీర్తికాంక్ష, గర్వము. అరిషడ్వర్గమును ఎఱిగిన మనకు ఇది పరాయి లెక్కగా తోచదు. కామక్రోధలోభమదములు ఇందును గలవు. దుఃఖమును, నిర్వేదమును కూడ శత్రువులలో చేర్చుట ఆయన విశేషము. ఈ లెక్కను కాసియను అను మఱియొక సన్న్యాసి పడమటిదేశములకు కొనిపోగా, 590 మొదలు 604 వఱకు రోమునగరమున పోపుగా నుండిన గ్రెగొరీ దానిని సవరించి ఏడుగా చేసెను.

ధనలోభమును గూర్చి ఎవగ్రియసు చెప్పిన తీరు గమనింపదగినది. లోభము మనుష్యునితో బంగారమును గూర్చి మాటలాడదట. ముందు దీర్ఘమైన ముసలితనము కలదనియు, అప్పుడు చేతులు పనిచేయవనియు, కఱవులు రోగములు రాగలవనియు, పరులయెదుట చేయి చాచుట సిగ్గనియు అది చెవిలో ఊదునట. అనగా లోభమునకు లోపలి పేరు భయము. విఱిగిన మంచమును అటకపైకి ఎక్కించునది ఆ భయమే. ఒకనాడు తోడుపడడేమో యని తమ్ముని తప్పులను జ్ఞాపకములో వ్రాసిపెట్టునదియు ఆ భయమే. పదునాఱు వందల సంవత్సరముల క్రిందట ఎడారిలో వ్రాయబడిన యీ మాట మన వీథియరుగుపై కూర్చుండి వ్రాసినట్లున్నది.

ఈ భయమునకు యేసుప్రభువు చెప్పిన మందు కొండమీది ప్రసంగమున కలదు. చిమ్మట కొట్టునదియు, త్రుప్పు తినునదియు, దొంగ యెత్తుకొనిపోవునదియు నగు సొమ్మునందు మనస్సు నుంచవలదని ఆయన వారించెను. ఆకాశపక్షులను, అడవిపువ్వులను చూపి, వానిని పోషించు తండ్రి మిమ్మును మఱచునా యని ప్రశ్నించి, రేపటి బరువును నేడే నెత్తికెత్తుకొనవలదని హితవు చెప్పెను. ఆయన వస్తువులను గూర్చియు చింతను గూర్చియు వేఱువేఱు ప్రసంగములు చేయలేదు. ఒకే ప్రసంగమున, ఒకదాని వెనువెంటనే మఱియొకటిగా చెప్పెను. రెండింటికిని వేరు ఒకటే యగుటచేతనే యట్లు చెప్పెనని నా భావము.

ఇదే పాఠము పూర్వము ఇశ్రాయేలీయులకు ఎడారిలో అనుభవముచే నేర్పబడినది. నిర్గమకాండమున ఆ కథ కలదు. ప్రతి యుదయమును మన్నా యను ఆహారము నేలపై దొరకుచుండెను. ఆనాటికి వలసినంతయే ఏఱుకొనవలయునని ఆజ్ఞ. కొందఱు రేపటికని దాచిరి. తెల్లవాఱునప్పటికి అది పురుగుపట్టి కంపుకొట్టెను. విశ్రాంతిదినమునకై ముందునాడు ఏఱుకొన్నది మాత్రము చెడలేదు. ఆజ్ఞానుసారముగా దాచినది నిలిచినది, భయముచే దాచినది చెడినది.

లూకా సువార్తలోని ధనవంతుని కథ రైతులమగు మనకు మఱింత దగ్గఱ. వాని భూమి బాగుగా పండెను. ధాన్యము పట్టక, ఉన్న కొట్లు పడగొట్టి పెద్దకొట్లు కట్టింతునని, ఇక ఏండ్ల తరబడి నిశ్చింతగా తిని త్రాగుదునని తనలో తాను అనుకొనెను. ఆ రాత్రియే వాని ప్రాణము పోయెను. ఆ కథలో వాడు పొరుగువానితో ఒక్కమాటయు ఆడినట్లు లేదు. అన్నియు తనలో తాను అనుకొన్నవే. అదియే వాని దారిద్ర్యము.

ఇచ్చట మీలో ఒకరు, అయ్యా, పొదుపు చేయవద్దందువా, గాదెలో గింజలు లేనిచో మరుసటి యేడు విత్తనమునకు ఎవరి వాకిట నిలువవలయును అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. దీనికి బైబిలులోనే సమాధానము కలదు. ఆదికాండమున యోసేపు ఐగుప్తులో ఏడు పంటల సంవత్సరములు ధాన్యము కూడబెట్టించెను. తరువాత వచ్చిన ఏడు కఱవు సంవత్సరములలో ఆ కొట్లు తెఱచెను. యోసేపును దేవుడు నిందింపలేదు. ఆయన నిలువకు కొలత కలదు, గడువు కలదు, తెఱచుటకు తలుపు కలదు. ధనవంతుని కొట్టునకు లోపలికి త్రోవయే కాని వెలుపలికి త్రోవ లేదు. మన యింట దాచిన ప్రతి వస్తువును ఈ ప్రశ్నతో పరీక్షింపవచ్చును: దీనికి వెలుపలికి త్రోవ యున్నదా?

ఇక ఈ శుద్ధిని క్రైస్తవులు ఏ విధముగా ఆచరించిరో చెప్పెదను. అందు మూడు మెట్లు కలవు. మొదటిది వస్తువులు, రెండవది పత్రములు, మూడవది తలపులు.

వస్తువుల విషయమున క్రైస్తవధర్మపు మొదటి సూత్రము ఏమనగా, పాఱవేయుట త్యాగము కాదు, చేర్చుట త్యాగము. కప్పదొకియలోని కైసరయ నగరము ఇప్పటి తుర్కీదేశమున నున్నది. క్రీ. శ. 369 ప్రాంతమున అచ్చట గొప్ప కఱవు వచ్చినపుడు బాసిలు అను ఆచార్యుడు, నేను పైని చెప్పిన ధనవంతుని కథపైననే ఉపన్యసించెను. ఇంట మిగులుగా పడియున్న ఆహారమునకును, పెట్టెలో మడతపడియున్న వస్త్రమునకును, మూల మురుగుచున్న పాదరక్షలకును అసలు హక్కుదారులు అవి లేనివారే యని ఆయన వాదించెను. మాటతో నిలువక, పేదలకును రోగులకును నగరమువెలుపల ఒక గొప్ప ధర్మశాలను కట్టించెను.

ఆఱవ శతాబ్దమున ఇటలీలో బెనెడిక్టు అను మహాత్ముడు తన మఠమువారికి ఏర్పఱచిన నియమావళి మఱింత సూటియైనది. ఒక్కొక్కనికి రెండేసి అంగీలు చాలును, ఒకటి ఉతుకుచుండగా ఒకటి ధరించుటకు. క్రొత్తది పుచ్చుకొన్ననాడే పాతది తిరిగి యిచ్చివేయవలయును. దానిని పేదలకై వేఱుగా నుంచవలయును. క్రొత్తది లోపలికి వచ్చు త్రోవయు, పాతది వెలుపలికి పోవు త్రోవయు ఒకేదినమున తెఱువబడును. మన యిండ్లలో పండుగకు క్రొత్తచీర వచ్చిననాడే ఒక పాతచీర, చినుగకముందే, ఒక పేదరాలి యింటికి పోవు వాడుక యుండినచో బీరువాలు ఇఱుకు కావు.

డబ్బు విషయమున ఇంగ్లాండు దేశపు జాన్ వెస్లీ చెప్పిన లెక్క విని ఆనందింపదగినది. ఆయన 1703 లో పుట్టి 1791 లో గతించెను. ఆక్స్‌ఫర్డులోని తమ బృందమున ఒకనికి ఏటికి 30 పౌనుల రాబడి యుండగా, 28 పౌనులతో జీవించి 2 పౌనులు దానము చేసెనట. మరుసటి యేడు రాబడి 60 పౌనులయ్యెను. ఖర్చు 28 పౌనులే, దానము 32 పౌనులు. మూడవయేట 90 రాగా దానము 62. నాలుగవయేట 120 రాగా దానము 92. ఆ యొకడు వెస్లీయే యని పలువురి యభిప్రాయము. రాబడి నాలుగింతలైనను మనుష్యుని యాకలి నాలుగింతలు కాదని ఆయన లెక్క చూపుచున్నది. ఆ వెస్లీ పరంపరవారే తెలంగాణమునకు వచ్చి మెదకులో దేవాలయము కట్టిరి. అది 1924 లో ప్రతిష్ఠింపబడినది.

ఇంత లెక్కలకు అందని పేదయింటికిని ఒక దారి కలదు. మన తెలుగుపల్లెల క్రైస్తవగృహములలో ఇల్లాండ్రు వంటకు బియ్యము కొలిచినపుడు ఒక పిడికెడు తీసి వేఱుగా ముంతలో వేసి, ఆదివారమునాడు గుడికి కొనిపోవు వాడుక కలదు. కోతలకాలమున ధాన్యము, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి కృతజ్ఞతార్పణ చేయుదురు. 1912 లో దోర్నకల్లునకు బిషప్పై 1945 లో గతించిన అజరయ్యగారు ఇట్టి దానధర్మమును గూర్చి ప్రత్యేకముగా గ్రంథమే వ్రాసిరి. పేదవాడును ఇచ్చువాడు కావలయునని ఆయన పట్టుదల. తీసికొనుటకే అలవాటుపడిన చేయి భయమును విడువదు. ఇచ్చిన చేయి మాత్రమే విడుచును.

రెండవమెట్టు పత్రములు. ఇనుపపెట్టె అడుగున మనము దాచుకొన్న కాగితములలో కొన్ని అవసరమైనవి, కొన్ని విషమైనవి. ఇందులకు మా కోనసీమలో జరిగిన యొక సంగతి చెప్పెదను, పేళ్లు వలదు. ఒక పెద్దమనిషి తన పినతండ్రి కొడుకునకు, కూతురి పెండ్లికై, 1995 లో 20,000 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు ఇచ్చి నోటు వ్రాయించుకొనెను. మరుసటి నవంబరులో తుపాను వచ్చి కోనసీమలో కొబ్బరితోటలను నేలపఱచినది మీలో పెక్కుమందికి జ్ఞాపకముండును. కొబ్బరిచెట్టు నేడు నాటిన రేపు కాయునది కాదు. అప్పు తీఱలేదు. మూడేండ్లు గడచుటతో నోటునకు కాలదోషము పట్టెను. మాటలు ఆగిపోయెను. ఒకరి యింట చావు జరిగినను రెండవవారు గడప త్రొక్కలేదు. న్యాయస్థానమునకు పనికిరాని ఆ కాగితము మనస్సునకు మాత్రము పందొమ్మిదేండ్లు పనిచేసినది.

2014 లో, ఈస్టరునకు ముందు వచ్చు శ్రమదినములలో, మా దేవాలయమున ఒక బోధ జరిగెను. బలిపీఠమునొద్దకు కానుక తెచ్చినవానికి, సహోదరునకు తనపై నొప్పి యున్నదని జ్ఞాపకము వచ్చినచో, కానుకను అచ్చటనే విడిచి ముందు వానితో సమాధానపడవలయునను క్రీస్తుబోధపై ఆ ప్రసంగము. మఱునాడు ఆ పెద్దమనిషి నోటు తెచ్చి నా చేతికిచ్చెను. ఆయనకు చూపు మందగించినది.

"పంతులుగారూ, అసలును వడ్డీయు కలిపి ఎంతయినదో చూడుడు" అనెను.

నెలకు 400 చొప్పున 228 నెలలకు వడ్డీ 91,200, అసలుతో 1,11,200 అని చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండెను.

"ఈ లెక్క వానికి తెలియునా?"

"తెలియదు, వారియొద్ద ప్రతి లేదు గదా" అంటిని.

"అయినచో ఇన్నాళ్లు దీనిని నేనొక్కడనే మోసితిని" అని, నోటును చింపి మా యింటి పొయ్యిలోనే వేసి, చేతికఱ్ఱ తీసికొని బయలుదేరెను. కంటిచూపునకై నేనును వెంట నడచితిని. తమ్ముడు వాకిట అన్నను చూచి లేచి నిలువబడెను. మంచము వాల్చెను. లోపలికి కేకవేసి మంచినీళ్లు తెప్పించెను. ఇద్దఱును వానలను గూర్చియు, ఎవరో బంధువుల పిల్లవాని చదువును గూర్చియు మాటలాడిరి. క్షమాపణ యను మాట ఆ పూట పుట్టనే లేదు. పిమ్మట రెండేండ్లు వారు ప్రతి సాయంకాలమును ఆ మంచముపైననే కూర్చుండిరి. పెద్దాయన గతించినపుడు పాడె మోసినవారిలో ఆ తమ్ముడు ముందు నుండెను.

అప్పులన్నియు మాఫీ చేయుడని నేను చెప్పుట లేదు. ఎవరి శక్తి వారిది. అప్పు పడినవారికిని సువార్తలో పాఠమున్నది. యెరికోపట్టణపు సుంకరి జక్కయ్య, క్రీస్తు తన యింట అడుగుపెట్టిన దినముననే, ఆస్తిలో సగము పేదలకిత్తుననియు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగింతలు తిరిగి చెల్లింతుననియు లేచి నిలిచి చెప్పెను. ఇచ్చువాడు విడుచుటయు, పుచ్చుకొన్నవాడు చెల్లించుటయు రెండును శుద్ధియే. పెట్టె అడుగున నున్న కాగితమును చూచి, ఇది నా బిడ్డలకు ఆస్తిగా మిగులునా, తగవుగా మిగులునా యని మనము బ్రతికియుండగనే తేల్చుట మేలు. హద్దులు, పంపకములు, వీలునామా స్పష్టముగా వ్రాసిపెట్టిన పెద్ద తన పిల్లలకు ఒక యిల్లు ఊడ్చి యిచ్చినట్లే.

మూడవమెట్టు తలపులు. ఇది యన్నిటికంటె కష్టము. తలపును అటకపైనుండి దింపి వీథిలో పెట్టుటకు వీలులేదు. వయస్సు మీఱినవారికి వచ్చు ముఖ్యరోగమును ఎవగ్రియసు నిర్వేదమని చెప్పి, పట్టపగటి దయ్యమని దానికి పేరు పెట్టెను. మిట్టమధ్యాహ్నము సూర్యుడు కదలనట్లుండునట. పగటికి ఏబది గంటలున్నట్లు తోచునట. సన్న్యాసి మాటిమాటికి వెలుపలికి తొంగిచూచి, ప్రొద్దెంతయినదో యనియు, ఎవరైన వచ్చుచున్నారేమో యనియు వెదకునట. ఉన్నచోటుపై విసుగు, చేయుపనిపై రోత, తనను ఎవరును ప్రేమించుట లేదను తలపు బయలుదేరునట. ఉద్యోగము విరమించి అరుగుపై కూర్చున్నవానికి ఈ వర్ణనకు వ్యాఖ్యానము అక్కఱలేదు.

దీనికి ఆయన చెప్పిన చికిత్స మూడు మాటలలో నున్నది. చోటు విడువకుము, చేతికి పని కల్పించుకొనుము, వచ్చిన తలపును గుర్తించి దానికి దేవునివాక్యముతో బదులు చెప్పుము. ఏ తలపునకు ఏ వాక్యము బదులో యెనిమిది భాగముల గ్రంథముగా ఆయన కూర్చెను. తలపును తరుముట కాదు, దానితో మాటలాడి పంపుట ఈ పద్ధతి. దొంగను పేరుపెట్టి పిలిచినచో సగము పాఱిపోవును గదా.

పౌలు భక్తుడు ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖలో ఇంకొక యుపాయము కలదు. చింతపడు ప్రతి విషయమును ప్రార్థనగా మార్చి, కృతజ్ఞతతో కలిపి, దేవునికి విన్నవింపవలయునని ఆయన సలహా. ఇందు కృతజ్ఞత యను దినుసు ముఖ్యము. వట్టి విన్నపము చింతనే మఱల త్రిప్పి చెప్పుట కావచ్చును. కృతజ్ఞత చేరినపుడు అది ప్రార్థన యగును. కొడుకును గూర్చి బెంగపడువాడు ముందు వానికి ఉద్యోగము దొరకినందులకు, వాడు నిన్న పలుకరించినందులకు వందనము చెప్పి, ఆ పిదప తన బెంగను చెప్పుకొనవలయును. ఆ తండ్రి చేతిలో పెట్టినదానిని ఆ రాత్రికి మఱల తీసికొనరాదు. కోపమును సూర్యాస్తమయమునకు ముందే దింపవలయునని ఆ భక్తుడే ఎఫెసీయులకు వ్రాసెను. ఊరిలో సంత ముగిసిన సాయంకాలమే అంగడివీథిని ఊడ్తురు. మఱునాటికి ఉంచినచో పని రెట్టింపగును.

ఇంతవఱకు చెప్పినదంతయు విని, వెంటనే చీపురు పట్టి అన్నియు పాఱవేసి, ఇక శాంతి కలుగునని తలచువారికి క్రీస్తు ఒక హెచ్చరిక చేసియున్నాడు. నా ప్రసంగమునకు ఇదియే మూలస్తంభము. ఒక మనుష్యుని విడిచిపోయిన అపవిత్రాత్మ ఎచ్చటను నెలవు దొరకక తిరిగివచ్చి చూడగా, ఆ యిల్లు చక్కగా ఊడ్చి, సర్ది, ఖాళీగా నుండెను. అది పోయి తనకంటె చెడ్డవగు మఱి యేడింటిని వెంటబెట్టుకొని వచ్చి కాపురము పెట్టెను. ఆ మనుష్యుని కడపటి స్థితి మొదటిదానికంటె చెడ్డదయ్యెను. ఆ యింటిలో మురికి యున్నందున కీడు కలుగలేదు. శుభ్రముగా నుండియు ఎవరును కాపురము లేనందున కలిగెను.

ఖాళీ చేయుటయే గొప్ప యని తలచినవానికి వచ్చు మొదటి దయ్యము గర్వము. నా యింట ఏమియు లేదు, నేను విరక్తుడనని చెప్పుకొనువాడు పాతసామానును అమ్మి ఆ స్థలమున తన్ను తానే ప్రతిష్ఠించుకొనును. రెండవది నిర్దయ. ఐగుప్తు దేశపు అంతోని మహర్షి కథ ఇందుకు ప్రమాణము. ఆయన క్రీ. శ. 251 ప్రాంతమున పుట్టి 356 లో గతించెను. తల్లిదండ్రులు మరణించిన కొలదికాలమునకు, దేవాలయమున సువార్తపఠనము విని, మున్నూఱు అరూరాల సారవంతమైన భూమిని, అనగా సుమారు రెండువందల యెకరములను, ఊరివారికి ఇచ్చివేసెను. ఇంటిసామాను అమ్మి పేదలకు పంచెను. అయినను చిన్నదియగు చెల్లెలికై కొంత తీసియుంచెను. దానిని కూడ విడిచినపుడు ఆమెను నమ్మకమైన భక్తురాండ్ర పోషణకు అప్పగించిన పిదపనే వెడలెను. విడుచుటలో కూడ ఒకరి యన్నమును మఱువరాదు. ఇల్లాలి మందుల డబ్బును, ఆమె పేరనున్న గదిని దానము చేయు విరక్తి క్రైస్తవవిరక్తి కాదు.

కావున ఊడ్చుట సగము పని. నింపుట మిగిలిన సగము. అటక ఖాళీయైన యింట ఒక పొరుగుపిల్లవాడు కూర్చుండి చదువుకొనుటకు చోటు ఏర్పడవలయును. పగ ఖాళీయైన హృదయమున ఒక రోగిని పలుకరించుటకు తీరిక పుట్టవలయును. బేతనియ గ్రామమున క్రీస్తు అతిథిగా వచ్చినపుడు మార్త యనేకమైన పనుల తొందరలో నుండగా, చెల్లెలు మరియ ఆయన పాదములయొద్ద కూర్చుండి వినుచుండెను. మార్త పని చెడ్డదని ఆయన అనలేదు. అనేకములైన వానిచే కలతపడుచున్నావని మాత్రము సున్నితముగా చెప్పెను. వంట మానవలసినది కాదు. అతిథి యింటనుండగా అతనిని మఱచునంత వంట వలదు. దేవుడు అతిథిగా వచ్చి కూర్చుండుటకు చోటుండుటయే గృహశుద్ధికి ఫలము.

ఆచరణకు ఒక చిన్న క్రమమును సూచించి ముగించెదను. క్రైస్తవులకు భస్మబుధవారము మొదలు ఈస్టరు వఱకు, ఆదివారములు విడిచి, నలువది శ్రమదినములు కలవు. అన్యులు తమ వ్రతకాలము నేదైనను తీసికొనవచ్చును. మొదటి పది దినములు వస్తువులకు. దినమునకు ఒక్క మూల, ఒక్క పెట్టె; అంతకు మించి వలదు. మూడు కుప్పలు పెట్టుడు: వాడుచున్నవి, మఱియొకరికి పనికివచ్చునవి, ఎవరికిని పనికిరానివి. రెండవ కుప్పను ఆ వారమే గడప దాటింపుడు, లేనిచో అది మఱల అటకయెక్కును. పెరటిలో నీరు నిలుచు చిప్పలను, డబ్బాలను వారమునకొకసారి బోర్లింపుడు. మందులను చూపు బాగున్న మనుమనిచేత చదివించి వేఱుపఱచుడు. మృతులైన తల్లిదండ్రుల జ్ఞాపకముగా ఒకటి రెండు వస్తువులుంచుకొనుట తప్పుకాదు. వారి కథను మనుమలకు చెప్పుచుండినంత కాలము అవి చెత్త కావు.

రెండవ పది దినములు పత్రములకు. నమ్మకమైన యొకరిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని, పట్టాలు, పాసుపుస్తకములు, బ్యాంకి పుస్తకములు ఒక సంచిలో చేర్చి, అది ఎచ్చటనున్నదో ఇల్లాలికి చెప్పుడు. మూడవ పది దినములు మనుష్యులకు. మాటలు ఆగిపోయినవారి పేళ్లు వ్రాసి, వారిలో ఒక్కరి యింటికైనను పోయి మంచినీళ్లు త్రాగి రండు. కడపటి పది దినములు నింపుటకు. ఉదయము ప్రార్థన, సాయంకాలము ఆనాటి తలపుల లెక్క, ఊరిలో తోడులేని యొకరిని దినమునకొకసారి పలుకరించుట, ఈ మూడును అలవాటైనచో నలువదియొకటవ దినమున కూడ అవి నిలుచును.

ఈ పనులలో దేనికిని ఖర్చు లేదు; దేహబలముతోను అంతగా పనిలేదు. ముసలితనమున చేయుటకు తగినవే యివి. మీ యిండ్లయందును మనస్సులయందును దైవశాంతి వాసము చేయుగాక.